సముద్రం మీద ఆల్టీమీటర్‌లో ఏం పెట్టుకుంటారు?

అడిగిన ప్రశ్న: "సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) గ్రౌండ్ క్లాసులకు వెళ్తున్నాను. ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో, ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (సెట్టింగ్ మార్చే ఎత్తు) కింద స్థానిక క్యూఎన్‌హెచ్ (ఆ చోట సముద్ర మట్టానికి లెక్కగట్టిన గాలి ఒత్తిడి), పైన అందరికీ ఒకటే అంకె, 1013 అని చెప్పారు. సముద్రం మధ్యలో క్యూఎన్‌హెచ్ చెప్పే స్టేషనే ఉండదు కదా, మరి అక్కడ ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ ఎంత? ఇంకో సందేహం. మొన్న హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తుంటే కెప్టెన్ 37,000 అడుగులు అన్నారు. కిటికీకి ఆనించిన నా ఫోన్ జీపీఎస్ మాత్రం 38,900 చూపించింది. ఏది నిజం?"

పొట్టిగా చెప్పాలంటే, మీ ఫోనే నిజానికి దగ్గరగా ఉంది. అయినా కెప్టెన్ చెప్పిందే కావాల్సిన అంకె. ఈ మాట ఎందుకంటున్నానో అర్థమైతే మీ మొదటి ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. కాస్త ఓపిగ్గా చదవండి. ముప్పై ఏళ్ళు లైన్ ఫ్లయింగ్ చేసినవాణ్ణి, క్లుప్తంగా రాయడం చేతకాదు.

ఆల్టీమీటర్ ఎత్తును కొలవదు. బయటి గాలి ఒత్తిడిని కొలిచి, "ఇంత ఒత్తిడి ఉంటే ఎత్తు ఇంత ఉండాలి" అని ఒక పట్టిక చూసి అంకె చెప్తుంది, అంతే. ఆ పట్టిక పేరు స్టాండర్డ్ అట్మాస్ఫియర్. సముద్ర మట్టం దగ్గర 1013.25 హెక్టోపాస్కల్స్, 15 డిగ్రీలు, పైకి వెళ్ళేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీల చొప్పున చలి. ఆ రోజు గాలి ఆ పట్టిక ప్రకారమే ఉండాలని నియమం ఏమీ లేదు, దాదాపు ఎప్పుడూ ఉండదు కూడా. నాబ్ తిప్పి క్యూఎన్‌హెచ్ పెట్టుకున్నామంటే ఒక్క తప్పును మాత్రమే సరిచేసినట్టు: "ఈ రోజు ఇక్కడ సముద్ర మట్టం దగ్గర ఒత్తిడి 1013 కాదు, 1006" అని మీటర్‌కి చెప్తున్నాం. ఎయిర్‌పోర్ట్ దగ్గర దిగేటప్పుడు అది చాలు. సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్‌కి 27, 28 అడుగులు వస్తాయి కాబట్టి, 7 తేడా అంటే దాదాపు 200 అడుగులు. రన్‌వే దగ్గర 200 అడుగులు చిన్న విషయం కాదు.

ఇప్పుడు మీ విమానం మచిలీపట్నం దరిదాపుల్లో తీరం దాటి బంగాళాఖాతం మీదికి వెళ్ళింది అనుకోండి. కింద నీళ్ళు. కొండల్లేవు, టవర్లు లేవు. నీటికి పైన సరిగ్గా ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నామనేది 37,000 దగ్గర ఎవరికీ అక్కర్లేదు. అక్కర ఉన్నది ఒక్కటే, ఎదురుగా 36,000లో వస్తున్న విమానానికీ మనకూ మధ్య వెయ్యి అడుగులు ఉండాలి. ఒక అపార్ట్‌మెంట్ ఊహించుకోండి. పునాది రెండడుగులు కుంగినా ఐదో అంతస్తువాళ్ళు, ఆరో అంతస్తువాళ్ళు ఒకరి తల మీద ఒకరు పడరు, బిల్డింగ్ మొత్తం కలిసే కుంగుతుంది. అందరి మీటర్లలోనూ 1013 ఉంటే ఆకాశంలో జరిగేదీ అదే. తప్పు ఎంతున్నా అందరికీ ఒకేలా ఉంటుంది, మధ్యలో ఖాళీ దాదాపు అలాగే మిగులుతుంది. ఒకరు చెన్నై క్యూఎన్‌హెచ్‌తో, ఇంకొకరు రెండు గంటల కిందట విన్న యాంగాన్ క్యూఎన్‌హెచ్‌తో తిరిగితే మాత్రం ఐదో అంతస్తు ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలీదు.

అందుకే ఆ పైన "ఆల్టిట్యూడ్" అనే మాటే వాడం, "ఫ్లైట్ లెవెల్ 370" అంటాం. ఫ్లైట్ లెవెల్ ఒక ఒత్తిడికి పేరు. 370 అంటే సుమారు 217 హెక్టోపాస్కల్స్ ఉన్న చోటు. ఆ చోటు ఒకరోజు కాస్త పైకి ఉంటుంది, ఒకరోజు కిందకి దిగుతుంది, దాంతో పాటే మనమూ ఎక్కుతాం, దిగుతాం. మీటర్‌లో అంకె మాత్రం కదలదు.

ఇక ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్. క్లాసుల్లో దీన్ని ఆకాశం అంతటా పరిచిన ఒక గీతలా బొమ్మ వేసి చూపిస్తారు, కన్‌ఫ్యూజన్ అక్కడే మొదలవుతుంది. అది ఎయిర్‌పోర్ట్‌కి సంబంధించిన అంకె. కొన్ని దేశాలు మొత్తం దేశానికి ఒకటే పెట్టుకున్నాయి: అమెరికాలో 18,000 అడుగులు, జపాన్‌లో 14,000, న్యూజిలాండ్‌లో 13,000, ఆస్ట్రేలియాలో 10,000. బ్రిటన్‌లో చాలాచోట్ల 3,000, లండన్ చుట్టూ 6,000. మన దగ్గర ఆ ఎయిర్‌పోర్ట్ చార్టు మీదే అచ్చు వేసి ఉంటుంది, చూసుకోవాలి, కంఠతా పట్టకూడదు. దేశంలో ఎత్తైన కొండలుంటే ఆ అంకె పెద్దదిగా పెట్టుకుంటారు, ఎందుకంటే కొండల మధ్య తిరిగినంతసేపూ స్థానిక క్యూఎన్‌హెచ్ కావాలి. సముద్రానికి కొండల బెడద లేదు. కాబట్టి సముద్రం మధ్యలో మీరు దాటాల్సిన ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ అంటూ మామూలుగా ఏదీ ఉండదు. బయల్దేరిన చోటే ఎక్కేటప్పుడు దాన్ని దాటేసి వచ్చారు. దిగాల్సిన చోట ట్రాన్సిషన్ లెవెల్ (దిగేటప్పుడు 1013 నుంచి మళ్ళీ స్థానిక క్యూఎన్‌హెచ్‌కి మారే చోటు) మీకోసం ఎదురుచూస్తుంటుంది. మధ్యలో అంతా 1013. అమెరికావాళ్ళు కూడా నేల మీద 18,000 అన్నవాళ్ళే, తమ ఓషనిక్ గగనతలంలోకి వచ్చేసరికి అంతకంటే చాలా చిన్న అంకెలు పెట్టుకున్నారు.

ఒక చిక్కు మాత్రం ఉంది. సముద్రం మీద ఎగిరేవాళ్ళందరూ 37,000లో ఉండరు. కాలిఫోర్నియా నుంచి హవాయికి దాదాపు 2,100 నాటికల్ మైళ్ళు చిన్న సెస్నాలో డెలివరీకి తీసుకెళ్ళే ఫెర్రీ పైలట్లుంటారు. వాళ్ళు ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల్లో పోయినా 1013తోనే పోతారు. మరీ కిందుగా ఎగిరేవాళ్ళ సంగతి వేరు. నేవీ, కోస్ట్ గార్డ్ గస్తీ విమానాలు, రాజమండ్రి నుంచి కేజీ బేసిన్ రిగ్గులకు వెళ్ళే హెలికాప్టర్లు ఇలాంటివి. వెయ్యి అడుగుల్లో ఉన్నవాడికి నీళ్ళు నిజంగానే కింద ఉంటాయి. వాళ్ళకి దగ్గర్లోని తీరం క్యూఎన్‌హెచ్, లేదా రిగ్గు మీది రీడింగ్ కావాలి. దాని మీద కూడా పూర్తిగా ఆధారపడరు, రేడియో ఆల్టీమీటర్ చూసుకుంటారు. అది కిందకి రేడియో తరంగం పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి నిజమైన ఎత్తు చెప్పే పరికరం. కింద గుట్టలూ గోతులూ లేని సముద్రం మీద దాని మాట బాగా నమ్మొచ్చు. అమెరికా నిబంధనల్లో ఒక లెక్క ఉంది: 18,000 కంటే కింద దారి పొడవునా 100 నాటికల్ మైళ్ళలోపు ఉన్న స్టేషన్ సెట్టింగ్ వాడాలి, అలాంటిది లేకపోతే అందుబాటులో ఉన్న తగిన స్టేషన్‌ది. బ్రిటన్‌లో చాలా ఏళ్ళపాటు ప్రాంతాల వారీగా, రాబోయే గంటలో ఆ ప్రాంతంలో ఉండబోయే అతి తక్కువ క్యూఎన్‌హెచ్ అంచనా ఇచ్చేవారు. అతి తక్కువది ఎందుకంటే, మీటర్ తప్పు చెప్పినా ఉన్నదానికంటే తక్కువ ఎత్తే చెప్తుంది. భయపెడితే పెడుతుంది గానీ ముంచదు.

మనకు తుఫాన్లు కొత్త కాదు కాబట్టి ఇక్కడో లెక్క వేద్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కేంద్రంలో ఒత్తిడి 950 హెక్టోపాస్కల్స్ అని అంచనా. 1013కి 63 తక్కువ. ఒక్కోదానికి 28 వేసుకుంటే 1,760 అడుగులు. అంటే ఆ కేంద్రంలో ఎవరైనా 1013 పెట్టుకుని "3,000 అడుగులు" అని ఎగురుతుంటే, నీటికి పైన ఉన్నది పన్నెండు, పదమూడు వందల అడుగులే. ఇక్కడ చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఒక పొరపాటు చేస్తారు: అదే 1,760 అడుగుల తేడాను పైన 37,000కీ అంటగడతారు. అది తప్పు. తుఫాను లోపలి గాలి వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనం పైకి వెళ్ళేకొద్దీ కింది లోటును పూడ్చేస్తుంది. విమానాలు ఎగిరే ఎత్తుకు వచ్చేసరికి ఆ గుంట చాలావరకు మాయమవుతుంది.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. బంగాళాఖాతం మీద గాలి స్టాండర్డ్ పట్టిక కంటే బాగా వెచ్చన. పట్టిక ప్రకారం సముద్ర మట్టంలో 15 డిగ్రీలుండాలి, మనకు 28 ఉంటుంది. పద్దెనిమిది వేల అడుగుల దగ్గర పట్టిక మైనస్ 21 అంటుంది, మన దగ్గర మైనస్ 5, 6 ఉంటుంది. వెచ్చటి గాలి వ్యాకోచించి మందంగా పరుచుకుంటుంది, కాబట్టి 217 హెక్టోపాస్కల్స్ ఉండే చోటు ఇంకా పైకి జరుగుతుంది. పైలట్లు వాడే మోటు లెక్క: సగటున 10 డిగ్రీల తేడాకు ఎత్తులో 4 శాతం. సగటు తేడా 13 డిగ్రీలు వేసుకోండి, 5 శాతం పైచిలుకు వస్తుంది. 37,000కి 5 శాతం 1,850. కలిపితే 38,850. మీ ఫోన్ 38,900 అంది. మీ ఫోన్ బాగానే ఉంది.

(ఒక చిన్న పిట్టకథ. కొన్ని యాప్‌లు జీపీఎస్ ఎత్తును సముద్ర మట్టం నుంచి కాకుండా భూమికి ఊహించిన ఒక నున్నటి ఆకారం నుంచి చూపిస్తాయి. మన వైపు సముద్రం ఆ ఆకారం కంటే కిందకి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన ఆ తేడా సుమారు 106 మీటర్లు, ప్రపంచంలో అంత లోతు ఇంకెక్కడా లేదు. అందుకే అలాంటి యాప్ తెరిచి చెన్నై బీచ్‌లో నిలబడితే మీరు సముద్ర మట్టానికి కింద ఎక్కడో ఉన్నట్టు చూపిస్తుంది. కంగారుపడి ఫోన్ రిపేర్‌కి ఇవ్వకండి.)

ఇదే విమానం జనవరిలో ఉత్తర అట్లాంటిక్ మీద 370లో ఉంటే లెక్క తలకిందులు. అక్కడి చల్లటి, బరువైన గాలిలో అదే ఒత్తిడి 1,500 అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కిందకి దిగుతుంది. హైదరాబాద్‌లో బయల్దేరి దుబాయ్‌లోనో దోహాలోనో మారి అమెరికాకు వెళ్ళే మన పిల్లలు దారిలో ఒకే "37,000"ను రెండు చోట్ల చూస్తారు, ఆ రెంటికీ మధ్య నిజమైన ఎత్తులో మూడు వేల అడుగులకు పైగా తేడా ఉండొచ్చు. ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మరి అందరూ 1013 పెట్టుకుంటే సరిపోతుందా అంటే, మీటర్లు మంచివై ఉండాలి. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, ఒక హెక్టోపాస్కల్‌కి వచ్చే అడుగులు పెరుగుతాయి. కింద 27 అయితే 35,000 దగ్గర దాదాపు 88. అంటే అక్కడ పరికరంలో చిన్న తప్పు కూడా పెద్దదై కనిపిస్తుంది. అందుకే చాలాకాలం ఫ్లైట్ లెవెల్ 290 పైన విమానాల మధ్య రెండు వేల అడుగులు వదిలేవారు. మీటర్లు మెరుగయ్యాక, ఉత్తర అట్లాంటిక్ మీద 1997 మార్చి 27న దాన్ని వెయ్యికి తగ్గించడం మొదలుపెట్టారు. మన గగనతలంలోకి 2003 నవంబర్ 27న వచ్చింది. ఇలా నిలువు దూరం తగ్గించడాన్ని ఆర్‌వీఎస్‌ఎం అంటారు, 290 నుంచి 410 వరకు. సముద్రంలోకి అడుగుపెట్టే ముందు కెప్టెన్ మీటర్, కోపైలట్ మీటర్, స్టాండ్‌బై, మూడింటి రీడింగ్ ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద రాసుకుంటాం. తర్వాత గంటకోసారి చూస్తాం. రెండు ప్రధాన మీటర్ల మధ్య 200 అడుగులు దాటకూడదు. 37,000, 36,970, 36,780 అలా ఉంటాయి నా పాత కాగితాల్లో. ఆ మూడోది స్టాండ్‌బై, దానికి కంప్యూటర్ దిద్దుబాట్లు ఉండవు కాబట్టి కాస్త పక్కకే చూపిస్తుంది. మొదట్లో ఇది గుమాస్తా పనిలా అనిపించేది. ఒకవేళ అర్ధరాత్రి ఒక మీటర్ పక్కదారి పడితే, మూడింటిలో ఏది మారిందో చెప్పేది ఆ కాగితమే.

సముద్రం మీద తప్పులు జరిగేది మధ్యలో కాదు, రెండు చివర్లలో. నేను కొత్తగా కోపైలట్ అయిన రోజుల్లో ఒక దీవి నుంచి బయల్దేరుతున్నాం. వర్షాకాలం, క్యూఎన్‌హెచ్ 1002. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా అప్పుడే ఫ్రీక్వెన్సీ మార్చమన్నారు, ముందు నల్లటి మబ్బు, రాడార్ వంచి చూస్తున్నాం. నేను నా నాబ్ 1013కి తిప్పాను, కెప్టెన్ తిప్పలేదు. మాకు ఫ్లైట్ లెవెల్ 100 దాకా క్లియరెన్స్. ఆటోపైలట్ ఆయన మీటర్ ప్రకారం నడుస్తోంది. ఆయన మీటర్ ఎనిమిది వేలు అంటున్నప్పుడు నాది 8,300. పదకొండు హెక్టోపాస్కల్స్, మూడు వందల అడుగులు. "సార్, స్టాండర్డ్" అన్నాను. ఆయన ఏమీ అనకుండా తిప్పేశారు. తర్వాత టీ వచ్చాక మెల్లగా, "ఇంకొకసారి 'సార్' తర్వాత చెప్పు, ముందు 'స్టాండర్డ్' అను" అన్నారు. ఇద్దరూ తిప్పాక "స్టాండర్డ్ సెట్, పాసింగ్ ఫలానా" అని పైకి చెప్పి సరిచూసుకోవడం అప్పటినుంచి నాకు ఊపిరి పీల్చినంత అలవాటైంది. ఒక మాట గుర్తుంచుకోండి: మీ ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి మీ ఎత్తు పంపే పరికరం) మాత్రం మీ నాబ్ ఎక్కడున్నా పట్టించుకోదు, ఎప్పుడూ 1013 లెక్కే పంపుతుంది. అందుకే రాడార్ ఉన్న చోట ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) మీ తప్పును మీకంటే ముందే పట్టేస్తారు. సముద్రం మీద చాలాచోట్ల ఆ రాడార్ ఉండదు.

దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. ఎనిమిది గంటలు 1013తో కూర్చున్న కళ్ళు, అలసట, కొత్త యాస. అమెరికా, కెనడా, జపాన్‌లో సెట్టింగ్ అంగుళాల్లో చెప్తారు, 29.92 అంటే మన 1013. మిగతా చాలాచోట్ల హెక్టోపాస్కల్స్. "నైన్ నైన్ టూ" అని వినిపించింది అనుకోండి, అంటే 992. అలవాటు కొద్దీ 29.92 అనుకుని పెట్టారంటే 21 హెక్టోపాస్కల్స్ తేడా, దాదాపు 590 అడుగులు. మీటర్ రెండు వేలు అంటుంది, మీరున్నది పద్నాలుగు వందల్లో. 2022 మేలో పారిస్ చార్లెస్ డి గాల్‌లో ఇలాంటిదే జరిగింది. అసలు క్యూఎన్‌హెచ్ 1001 ఉంటే కంట్రోలర్ 1011 అని చెప్పారు. పది హెక్టోపాస్కల్స్, సుమారు 280 అడుగులు. వానలో దిగుతున్న ఆ ఎయిర్‌బస్, రన్‌వేకి ఇంకా 0.8 నాటికల్ మైలు ఉండగానే నేలకి 6 అడుగుల దాకా వచ్చి, మళ్ళీ పైకి లేచింది. అందరూ బతికారు. అప్పటినుంచి నేను చెప్పే సలహా ఒక్కటే: ఏటీసీ క్యూఎన్‌హెచ్ చెప్పేముందే వాతావరణ రిపోర్ట్‌లో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. విన్నదీ రాసుకున్నదీ కలవకపోతే సిగ్గుపడకుండా మళ్ళీ అడగండి.

ట్రాన్సిషన్ లెవెల్ రోజుకో రకంగా ఎందుకు మారుతుందో మీ పరీక్షకి పనికొస్తుంది. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ 4,000, క్యూఎన్‌హెచ్ 990 అనుకోండి. 4,000లో 990తో ఎగురుతున్నవాడు 1013 లెక్కలో 4,640 దగ్గర ఉన్నట్టు. అదే రోజు ఇంకొకణ్ణి ఫ్లైట్ లెవెల్ 50లో ఉంచితే కాగితం మీద వెయ్యి అడుగుల తేడా, గాల్లో మాత్రం 360. అందుకే ఆ రోజు 50ని వాడరు, 60 నుంచి మొదలుపెడతారు. క్యూఎన్‌హెచ్ పడిపోయేకొద్దీ ట్రాన్సిషన్ లెవెల్ పైకి వెళ్తుంది. ఫార్ములా బట్టీ పట్టేకన్నా ఇది ఒకసారి బొమ్మ గీసుకోండి.

చివరగా నాకిష్టమైన ముచ్చట. జీపీఎస్ లేని రోజుల్లో, 1940లు, 50ల్లో, సముద్రాలు దాటే విమానాల్లో నావిగేటర్లు ఈ "తప్పు"నే దారి కనుక్కోవడానికి వాడుకునేవారు. రేడియో ఆల్టీమీటర్ చెప్పే నిజమైన ఎత్తులోంచి ప్రెషర్ ఆల్టీమీటర్ చెప్పే ఎత్తును తీసేసేవారు. ఆ తేడా గంట గంటకీ తగ్గుతోందంటే విమానం అల్పపీడనం వైపు జారుతోందన్నమాట. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది కాబట్టి, ఆ తగ్గుదలను బట్టి ఎడమ నుంచి గాలి ఎంత గట్టిగా తోస్తోందో, విమానం దారికి కుడిగా ఎన్ని మైళ్ళు జరిగిందో లెక్క కట్టేవారు. కింద గుర్తుపట్టడానికి ఏమీ లేని నీళ్ళ మీద, రెండు గడియారాల్లాంటి ముళ్ళను చూసి.

మీ దగ్గర ఫోన్ ఉంది కాబట్టి మీరూ చేయొచ్చు. బంగాళాఖాతం కంటే దీనికి జనవరిలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ విమానం మంచిది. కిటికీ సీటు తీసుకోండి, విమానం ఎక్కడం ఆపి లెవెల్ ఆఫ్ అయ్యాక పది నిమిషాలకోసారి జీపీఎస్ ఎత్తు రాసుకోండి. ఎడమ నుంచి, అంటే పడమర నుంచి జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున వీచే బలమైన గాలి) కొడుతుంటుంది. విమానం లెవెల్ మారలేదని తర్వాత ఫ్లైట్ ట్రాకింగ్ సైట్‌లో సరిచూసుకోండి, అక్కడ కనిపించేది మామూలుగా 1013 లెక్క. అక్కడ గీత చదునుగా ఉంటుంది. మీ కాగితం మీద అంకెలు మాత్రం భోపాల్ దాటేసరికే వందల్లో తగ్గి ఉంటాయి.